ఒకే యాప్, రెండు దేశాలు

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లం టిక్‌టాక్ మీద వేటు పడటం రెండుసార్లు చూశాం. మొదట మనం పుట్టిన దేశంలో, తర్వాత ఇక్కడ.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు వీరమరణం పొందారు. వారిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఒకరు. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 29న, కేంద్రం ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. దేశ సార్వభౌమత్వానికి, భద్రతకు ముప్పు అన్నది చెప్పిన కారణం. పొలం గట్ల మీద డ్యాన్సులు చేసి పేరు తెచ్చుకున్న పల్లె పిల్లల ఖాతాలు కూడా వాటితోపాటే మూతపడ్డాయి.

ఆ భయం అమెరికాలో చట్టం కావడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. దాని ప్రకారం చైనాకు చెందిన యజమాని సంస్థ బైట్‌డాన్స్ టిక్‌టాక్‌ను అమ్మాలి, లేదంటే ఇక్కడ మూసుకోవాలి. భయం ఉత్తదేమీ కాదు. ప్రభుత్వ గూఢచర్యానికి సంస్థలు సహకరించాలని చైనా 2017లోనే చట్టం చేసుకుంది. తమ ఉద్యోగులు కొందరు అమెరికా విలేకరుల డేటా చూశారని 2022లో బైట్‌డాన్సే ఒప్పుకుంది.

డేటా కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. ఏ వీడియో కోట్లమందికి చేరాలో, ఏది అడుగున పడిపోవాలో నిర్ణయించే అల్గారిథం ఎవరి మాట వింటుంది? 2024 డిసెంబరులో రుమేనియా రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసింది. ఒక అభ్యర్థికి అనుకూలంగా టిక్‌టాక్‌లో పథకం ప్రకారం ప్రచారం సాగిందని అక్కడి నిఘా సంస్థలు చెప్పాయి. ఆ రద్దు సబబేనా అన్న వాదన ఇంకా తెగలేదు.

2025 జనవరి 17న అమెరికా సుప్రీంకోర్టు చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. 17 కోట్లమంది వాడకందారుల డేటా చైనా చేతికి చిక్కుతుందన్న ఒక్క కారణమే చాలంది. ఏం చూపిస్తారో అన్న భయం మీద తీర్పును నిలబెట్టలేదు. అది సరైన జాగ్రత్త అని నా నమ్మకం. చూసేదాన్నిబట్టి నిషేధాలు పెట్టడం మొదలైతే వాక్‌స్వాతంత్ర్యానికి దిక్కుండదు. కానీ మూడు రోజులకే కొత్త అధ్యక్షుడు అమలును ఆపేశారు. కోర్టు నిలబెట్టిన చట్టం ఏడాదిపాటు కాగితానికే పరిమితమైంది. 2026 జనవరిలో అమెరికా టిక్‌టాక్ కోసం కొత్త సంస్థ ఏర్పడింది. ఒరాకిల్, సిల్వర్ లేక్‌లతోపాటు అబుదాబికి చెందిన ఎంజీఎక్స్‌కూ అందులో వాటా దక్కింది.

యజమాని మారితే చాలదు. 2016 ఎన్నికల సమయంలో రష్యా మనుషులు అమెరికన్ కంపెనీ ఫేస్‌బుక్‌నే వాడుకున్నారు. వారి పోస్టులు 12.6 కోట్లమందికి చేరి ఉండొచ్చని ఆ కంపెనీయే అంచనా వేసింది.

ఇండియా 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం చేసుకుంది. అమెరికాలో అన్ని కంపెనీలకూ వర్తించే అలాంటి సమగ్ర ఫెడరల్ చట్టం ఇప్పటికీ లేదు. ఇక్కడ ఓటున్న ప్రతి తెలుగువారూ తమ కాంగ్రెస్ సభ్యుణ్ణి అడగాల్సింది ఆ చట్టం గురించే.