చెవి మిషను కొనే ముందు

మా సంఘంలో ఒక అవ్వ ఉన్నారు. ప్రతి ఆదివారం వెనుక వరుసలో కూర్చుని అందరితోపాటు తల ఊపేవారు. ఆమెకు మాటలు సరిగా తెలియడం లేదని మేము చాలాకాలం గ్రహించలేకపోయాము. కొడుకు పరీక్ష ఏమీ లేకుండానే ఒక దుకాణంలో చెవి మిషను కొని తెచ్చాడు. పెట్టుకుంటే కీచుమని కూత, గిన్నెల చప్పుడుకు తలనొప్పి. నాలుగు రోజులకే అది పెట్టెలో పడింది. అవ్వ గుడికి రావడం మానేశారు.

ప్రియ పాఠకులారా, వయసుతో వచ్చే చెముడులో సాధారణంగా ముందు పోయేవి స, త, క వంటి సన్నని ధ్వనులు. అందుకే "వినబడుతుంది గాని అర్థం కాదు" అంటారు. అన్ని శబ్దాలనూ ఒకే తీరున పెంచే మిషను వారికి మేలు చేయదు.

కనుక మొదట చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. తిరుపతి వారికి రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్నాయి. చిత్తూరు వారికి వేలూరు సి.ఎం.సి. కూడా దగ్గరే. కొందరికి గుబిలి తీస్తేనే వినికిడి మెరుగవుతుంది. తరువాత ఆడియాలజిస్టు నిశ్శబ్దమైన గదిలో ఒక్కొక్క చెవిని వేరుగా పరీక్షించి ఆడియోగ్రామ్ గీస్తారు. ఆ గీతను బట్టే మిషనును సరిచేయాలి.

డబ్బు కట్టకముందు అడగండి: మీకు 1992 చట్టం ప్రకారం ఏర్పడిన పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) రిజిస్ట్రేషన్ ఉందా? కొన్నాళ్లు వాడి చూడనిస్తారా? తరువాత ఎన్నిసార్లు సరిచేస్తారు? కూత వస్తే చెవి అచ్చు మార్చి ఇస్తారా? కొత్త శబ్దాలకు అలవాటు పడడానికి వారాలు పడుతుంది, మళ్లీ మళ్లీ వెళ్లాలి. అందుచేత దూరాన ఉన్న పెద్ద పేరుకంటే, బస్సులో వెళ్లి రాగల మంచి చోటే మేలు. బీదలకు కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం క్రింద మిషన్లు ఇస్తారు. వైకల్య ధ్రువపత్రం, ఆదాయ పత్రం సిద్ధం చేసుకోండి.

మేము అవ్వను పరీక్షకు తీసుకెళ్లాము. చెవికి సరిపడే అచ్చు చేయించి, మూడుసార్లు మిషను సరిచేయించాము. మొన్న ఆరాధన ముగిశాక ఆమె మా దగ్గరకు వచ్చి, "వాక్యం చివర్లో గొంతు తగ్గించేస్తావు నాయనా, కాస్త సరిచేసుకో" అన్నారు.

సరిచేసుకుంటున్నాము.