సీమంతానికి మగాళ్లూ రావాలి!

సీమంతం అంటే గాజులు, పసుపు కుంకుమ, చలిమిడి, ముత్తైదువల సందడి. మరి కాబోయే నాన్న? ఏ భోజనాల దగ్గరో వడ్డన చూసుకుంటూ ఉంటాడు. నిజానికి షోడశ సంస్కారాల్లో ఒకటైన సీమంతోన్నయనంలో భార్యకు పాపిట తీసేది భర్తే! అంటే ఈ వేడుకలో ఆయనకు చోటు ఎప్పట్నుంచో ఉంది. అందుకే ఈసారి అందర్నీ పిలిచేయండి.

పిలుపులోనే చెప్పండి: వాట్సప్ కార్డులో 'సకుటుంబంగా రండి' అని రాయండి. లేదంటే మగాళ్లు గుమ్మం దగ్గర దింపేసి వెళ్లిపోతారు. ఆదివారమైతే పిల్లలకూ బడి గొడవ ఉండదు.

తొలి గాజు ఆయనే: భర్తతో గాజులు తొడిగించండి. తాతయ్యలు, మావయ్యలు అక్షింతలు వేసి దీవిస్తారు.

ఆటలు: బొమ్మకు డైపర్ వేసే పోటీ మగాళ్లకే పెట్టండి. నవ్వుకు నవ్వు, ప్రాక్టీసుకు ప్రాక్టీసు. జెండర్ రివీల్ జోలికి మాత్రం పోకండి. 1994 చట్టం ప్రకారం లింగ నిర్ధారణ నేరం.

పిల్లలకు: ఓ మూల చాప, రంగు పెన్సిళ్లు చాలు. బుజ్జాయికి బొమ్మలేసిన కార్డులు సిద్ధం! పులిహోరతో పాటు కారం లేని దద్దోజనమూ ఉంచండి.

అమ్మకు: పీట బదులు కుర్చీ వేయండి. గంటన్నరలో ముగించండి.

చివరగా చీటీలు: 'ఓ రోజు వంట నాది', 'టీకాకి నేను తోడొస్తా'.. ఇలా ప్రతి మగాడూ ఒకటి రాసివ్వాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికే పితృత్వ సెలవు 15 రోజులు. ఆ తర్వాత అక్కరకొచ్చేవి ఈ చీటీలే!