టీకా కంటే ముందే చేరిన భయం

2017 ఫిబ్రవరిలో బళ్లారి జిల్లా బడులకు తట్టు–రుబెల్లా టీకా వచ్చింది. కర్ణాటక, తమిళనాడు, గోవా, పుదుచ్చేరి, లక్షదీవులు కలిసిన ఆ మొదటి విడతలో సుమారు 3.6 కోట్ల మంది పిల్లలకు సూది వేయాలని లక్ష్యం. బడి నుంచి ఇంటికొచ్చిన చీటీలో ‘దడార’ అని కన్నడంలో ఉంటే, మా వీధిలో తెలుగు తల్లులు ‘అంటే తట్టేనా?’ అని ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. అదే వారం ఫోన్లకు వచ్చిన సందేశానికి మాత్రం ఎవరినీ అర్థం అడగాల్సిన పని పడలేదు. ఆ సూది వేయిస్తే ఆటిజం వస్తుందట, రేపు పిల్లలు పుట్టరట, విదేశాల డాక్టర్లే తేల్చి చెప్పారట.

ఆటిజం మాట ఎక్కడ పుట్టిందో మనకు తెలుసు. 1998 ఫిబ్రవరిలో లండన్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ మరో 12 మందితో కలిసి ‘లాన్సెట్’ పత్రికలో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. పరిశీలించింది 12 మంది పిల్లల్ని. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా మీద అనుమానం అక్కడే మొలిచింది. పాత్రికేయుడు బ్రయన్ డీర్ 2004 నుంచి కూపీ లాగితే, టీకా కంపెనీలపై దావాకు సిద్ధమవుతున్న న్యాయవాది నుంచి వేక్‌ఫీల్డ్‌కు సొమ్ము ముట్టిన సంగతీ, పిల్లల వైద్య వివరాలను తారుమారు చేసిన సంగతీ బయటపడ్డాయి. 2010 ఫిబ్రవరి 2న లాన్సెట్ ఆ పత్రాన్ని ఉపసంహరించుకుంది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలు చూసి, ఈ టీకా వల్ల ఆటిజం ముప్పు పెరగదని నిర్ధారించారు.

ఉపసంహరించుకుని ఏడేళ్లయిన పత్రం బళ్లారి తల్లిని ఎలా భయపెట్టింది? నాకు తోచిన జవాబు ఇది: ఉపసంహరణ పత్రానికి అంటుకుని ఉంటుంది, భయం పత్రాన్ని వెంట తెచ్చుకోదు. లాన్సెట్ వెబ్‌సైట్‌లో ఆ పత్రం పేజీల మీద, దాన్ని ఉపసంహరించినట్టు పెద్ద ఎర్రటి అక్షరాలు అడ్డంగా ఉంటాయి. కానీ మా ఊరు చేరేసరికి రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరం అన్నీ రాలిపోయాయి. ఎంఎంఆర్ కాస్తా, గవదబిళ్లల మందే లేని ఎంఆర్ టీకా అయింది. పత్రంలో ఎక్కడా లేని సంతానలేమి వచ్చి చేరింది. ఇక ఎర్ర అక్షరాలు అతికించడానికి చోటేదీ? పైగా 2017లో వాట్సాప్‌లో ‘ఫార్వర్డ్’ అన్న గుర్తు కూడా లేదు, అది 2018 జులైలో వచ్చింది. చెల్లెలు పంపితే చెల్లెలు చెప్పినట్టే.

సరిహద్దు జిల్లాలో ఇంకో చిక్కుంది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి వెళ్లాయి. చుట్టరికాలు మాత్రం విడిపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే టీకా కార్యక్రమం 2017 ఆగస్టులో మొదలైంది. బళ్లారిలో చదివిన సందేశాన్ని ఆదోనిలోని అక్కకు పంపడానికి ఆరు నెలలు అక్కర్లేదు.

తట్టు తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు. రక్షణ లేనిచోట ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి సోకగలదు. అందుకే నూటికి 95 మందికి టీకా పడాలి. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ చెవుడుతోనో, కంటిపొరతోనో, గుండె లోపంతోనో పుట్టవచ్చు.

మా వీధిలో వెనకాడిన ఒక తల్లి దగ్గరికి ఆశా కార్యకర్త మూడుసార్లు వెళ్లింది. మొదటి రెండుసార్లు కరపత్రం చదివి వినిపించింది. మూడోసారి అరుగు మీద కూర్చుని, ‘తట్టుకేనమ్మా, మా పిల్లకూ నిన్ననే వేయించినాను’ అంటూ కొంగుముడి విప్పి, తన కూతురి టీకా కార్డు ఆమె చేతిలో పెట్టింది.