మూడు ఊళ్ళు - రెండు గిడ్డంగులు

సిరిసిల్ల అనగానే మరమగ్గాల చప్పుడు గుర్తుకు వస్తుంది కదూ! అక్కడ నేసిన నూరు తానుల గుడ్డను సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లలలో నిల్వ చేయాలనుకోండి. ఒకటే షరతు: రెండు ఊళ్ళకు మించి గిడ్డంగులు ఉండకూడదు. ఏ ఊళ్ళో ఎన్ని తానులు ఉంచితే అద్దె, కిరాయి తగ్గుతాయి?

ఇదేమంత కష్టం అంటారా? నిజమే. రెండేసి ఊళ్ళ జతలు మూడే. మూడింటికీ లెక్క కట్టి చూస్తే సరి. కాని ముప్ఫయి ఊళ్ళలో అయిదింటిని ఎంచుకోవాలంటే? అమ్మో, 1,42,506 విధాలు! ఊళ్ళు ఇంకా పెరిగితే కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తుంది.

చిక్కు ఎక్కడుందో చూశారా? గిడ్డంగి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మధ్యలో ఏమీ లేదు. అందుకే లెక్క మెల్లగా నడవలేదు, కప్పలా గెంతాలి.

2016లో బుర్దకోవ్, కాంజోవ్, ష్వార్ట్స్ అనే ముగ్గురు గణితవేత్తలు దీనికి ఒక చక్కని దారి చూపారు. దాన్ని మన భాషలో చెప్పుకుందాం. ప్రతి ఊరికీ ఒక 'తాళం అంకె' ఇద్దాం. అది 0 నుంచి 1 దాకా ఏదైనా కావచ్చు. సగమైనా, పావైనా సరే. నియమాలు రెండే:

1. ఊళ్ళోని తానులను ఆ ఊరి తాళం అంకెతో గుణిస్తే సున్న రావాలి.
2. మూడు ఊళ్ళ తాళం అంకెలు కూడితే 1కి తగ్గకూడదు.

ఇప్పుడు మూడు ఊళ్ళలోనూ గుడ్డ పెట్టి చూడండి. మొదటి నియమం వల్ల మూడు తాళం అంకెలూ సున్నలే అవుతాయి. కూడితే సున్న. రెండో నియమం ఒప్పుకోదు! అంటే ఒక ఊరైనా ఖాళీగా ఉండాల్సిందే. జగిత్యాలకు సగం, కోరుట్లకు సగం తాళం వేస్తే? రెండూ ఖాళీ, గుడ్డంతా సిరిసిల్లలోనే. అదీ షరతుకు లోబడినదే. తాళం సగమే అయినా మోసానికి తావు లేదు.

ఇక అంకెలను కొంచెం కొంచెంగా జరుపుతూ, కొండ దిగినట్టు తక్కువ ఖర్చు వైపు నడవవచ్చు. అయితే ఒక ప్రమాదం ఉంది. అసలు లోయ చేరకుండా దారిలో చిన్న గుంటలోనే ఆగిపోవచ్చు. అందుకని ఆ గణితవేత్తలు మొదటి నియమాన్ని ముందు కాస్త వదులు చేసి, క్రమంగా బిగించారు. అయినా ప్రతిసారీ అన్నిటికన్నా లోతైన లోయే దొరుకుతుందన్న హామీ లేదు.

ఇక మీ వంతు! మెట్‌పల్లిని కూడా కలిపి నాలుగు ఊళ్ళు చేయండి. గిడ్డంగులు మాత్రం రెండే. అప్పుడు తాళం అంకెల మొత్తం ఎంతకు తగ్గకూడదు?

(జవాబు: 2)