నీళ్ళ మీద పూతరేకు

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మొన్న మా అత్తగారికి కొత్త కళ్ళజోడు చేయించాం. కొట్టతను మామూలు అద్దాలకి ఒక ధర, 'యాంటీ గ్లేర్' పూత వేసిన అద్దాలకి మరొక ధర చెప్పాడు. పూత వేసినవే తీసుకున్నాం. ఇంటికి వచ్చాక ఆవిడ కళ్ళజోడు కిటికీ దగ్గర పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. గోటితో గీకబోతే నేనే వారించాను. “కంటికి కనపడదు, చేతికి తగలదు, ఇదేం పూతే తల్లీ! గోడకి సున్నం వేస్తే తెలుస్తుంది. ఇత్తడి గిన్నెకి కళాయి పెడితే తెలుస్తుంది. కనపడని పూతకి డబ్బు పుచ్చుకున్నాడంటే మిమ్మల్ని సుబ్బరంగా మోసం చేశాడన్నమాటే” అన్నారు.

నేను బి.ఎస్సీ.లో ఫిజిక్సు చదివినదాన్నే. అయినా చప్పున జవాబు చెప్పలేకపోయాను. పుస్తకాలు తిరగేస్తే జవాబు ఎక్కడ మొదలైందనుకున్నారు? అంట్ల తొట్టిలో!

భోజనాలయ్యాక గిన్నెలు కడిగే నీళ్ళు ఎలా వుంటాయో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చారు మీది తాలింపు నూనె, పప్పులోకి వేసుకున్న నెయ్యి, అన్నీ కలిసి పైన జిడ్డు తెట్టు కడుతుంది. ఎప్పుడు పారబోద్దామా అని చూస్తాం. ఆ నీళ్ళవంక ముక్కు చిట్లించకుండా పదేళ్ళపాటు చూసిన ఒక అమ్మాయి వుంది. ఆమె పేరు ఆగ్నెస్ పొకెల్స్. 1862లో వెనిస్ నగరంలో పుట్టింది. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో పనిచేసి, ఆరోగ్యం చెడి, ఉద్యోగం మానుకుని జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. ఆగ్నెస్‌కి బడిలో సైన్సంటే ప్రాణం. కాని ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లల్ని చేర్చుకునేవారు కారు. పైగా తల్లిదండ్రులిద్దరూ రోగిష్టులు. వంటా వార్పూ, మందూ మాకూ అన్నీ ఆ పిల్ల నెత్తిమీదే పడ్డాయి. ఆమెకన్న మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఫ్రిట్జ్ మాత్రం గట్టింగెన్ వెళ్ళి ఫిజిక్సు చదివాడు. తన పుస్తకాలు అక్కగారికి ఇస్తూ వుండేవాడు. పోనీ, అదైనా చేశాడు.

వంటింట్లో జిడ్డు నీళ్ళే ఆమెకి ఈ పరిశోధన మీద బుద్ధి పుట్టించాయని తర్వాత తమ్ముడి భార్యే రాసింది. ఇది కట్టుకథ కాదని కూడా చెప్పింది. లక్షలమంది ఆడవాళ్ళు రోజూ విసుక్కుంటూ పారబోసే నీళ్ళే కదా అని!

ఆమె పరికరాలు వింటే మీకు నవ్వొస్తుంది. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు వున్న ఒక రేకు తొట్టి. దాన్నిండా అంచు తాకేలా నీళ్ళు. ఆ నీళ్ళమీద అడ్డంగా ఒక రేకు బద్ద. దోసె పెనం మీద పిండిని అట్లకాడతో ఒక పక్కకి నెట్టినట్టు, ఆ బద్దని జరిపితే నీటి మీది జిడ్డు ఒక పక్కకి చేరుతుంది. ఇక ఒక చిన్న త్రాసు. దాని ఒక పక్కన చొక్కా బొత్తాం అంత బిళ్ళ వేలాడుతూ నీటిని ముట్టుకుంటుంది. దాన్ని పైకి లాగటానికి ఎంత బరువు కావాలో చూస్తే, నీటి పైపొర ఎంత గట్టిగా పట్టుకుని వుందో తెలుస్తుంది. అంతే. ఇరవై ఏళ్ళ వయసులో ఆమె తయారుచేసుకున్న ప్రయోగశాల ఇంతమాత్రమే.

దీంతో ఆమె ఏం కనిపెట్టింది? నీటి మీద రవ్వంత జిడ్డు వున్నా, దానికి చోటు చాలినంతగా వున్నప్పుడు నీటి పట్టు మామూలుగానే వుంటుంది. రేకు బద్దని జరుపుతూ చోటు తగ్గించుకుంటూ రండి. ఒక హద్దుదాకా ఏమీ జరగదు. ఆ హద్దు దాటగానే పట్టు ఒక్కసారిగా సడలిపోతుంది. బస్సులో సగం సీట్లు ఖాళీగా వున్నంతసేపూ ఎంతమంది ఎక్కినా ఒకరి మోచెయ్యి ఒకరికి తగలదు. అన్నీ నిండాక ఇంకొక్కరు ఎక్కారంటే చూడండి, తోపులాట మొదలు! జిడ్డులోని అణువులకీ అలాటి తోపులాటే. ఆ హద్దు దగ్గర అవి ఒకదాని పక్కన ఒకటి, వరసగా, ఖాళీ లేకుండా నిలబడి వుంటాయి. ఒకదాని మీద ఒకటి కాదు సుమా! ఒక్కటే పొర. ఇంతకన్న పల్చటి పొర వుండటానికి వీల్లేదు.

పరిశోధనలు బాగా జరిగాయి. కాని ఎవరికి చెప్పుకోవాలి? వంటింట్లో వున్న అమ్మాయి రేకు తొట్టె లెక్కలు అచ్చువేసేదెవరు? దాదాపు పదేళ్ళు ఆ నోటు పుస్తకాలు అలాగే వున్నాయి.

ఇక్కడ మన పూజగది కర్పూరం కథలోకి వస్తుంది. బాగా తోమి, జిడ్డులేకుండా కడిగిన పళ్ళెంలో మంచినీళ్ళు పోసి, నలకంత కర్పూరం వేయండి. అది బొంగరంలా గిరగిరా తిరుగుతూ నీళ్ళమీద పరుగులు పెడుతుంది. ఇప్పుడు కొబ్బరినూనె తగిలిన వేలితో ఆ నీటిని ఒక్కసారి తాకండి. ఆట టక్కున ఆగిపోతుంది. పిల్లలకి చూపించండి, సరదా పడతారు. కాని కర్పూరం విషం, నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టి వుండండి. పళ్ళెంలో ఏ కాస్త జిడ్డున్నా కర్పూరం అసలు కదలదు. నాకు మొదటి రెండుసార్లూ కదల్లేదు. అంట్లు సరిగ్గా తోమలేదని నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

ఇంగ్లండులో లార్డ్ రాలే అనే గొప్ప శాస్త్రజ్ఞుడు 1890లో ఈ ప్రయోగమే పెద్ద స్నానపు తొట్టిలో చేశాడు. కర్పూరాన్ని ఆపటానికి ఎంత ఆలివ్ నూనె కావాలో తూచి, ఆ పొర మందం లెక్కగట్టాడు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటిన్నర భాగం పైచిలుకు! ఈ సంగతి ఆగ్నెస్ చదివింది. తాను చేసిన పనే కదా అనుకుంది. ధైర్యం చేసి 1891 జనవరి 10న ఆయనకి జర్మన్ భాషలో ఉత్తరం రాసింది. కొన్ని కారణాలవల్ల తన ఫలితాల్ని పత్రికల్లో వేయించే స్థితిలో లేనని, ఆయనకి పనికొస్తాయేమోనని రాస్తున్నానని దాని సారాంశం.

రాలే ఆ ఉత్తరాన్ని పక్కన పడెయ్యలేదు. ఆయన భార్య దాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది. ఇంటి సామానుతో ఈమె విలువైన పని చేసిందని పరిచయం రాసి, ఆయన దాన్ని 'నేచర్' పత్రికకి పంపించాడు. మార్చి 12 సంచికలో అచ్చయింది. పెద్దమనసు ఆయనది. అనువాదం చేసిపెట్టిన ఆ ఇల్లాలిని కూడా మనం మరచిపోకూడదనుకుంటాను.

తర్వాత ఆమె తొట్టినే మెరుగుపరిచి, అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే ఆయన ఈ పొరల శాస్త్రాన్ని చాలా ముందుకు తీసుకుపోయాడు. 1932లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయంవారు 70 ఏళ్ళ ఆగ్నెస్‌కి గౌరవ డాక్టరేటు ఇచ్చారు. 1935లో ఆమె కన్నుమూసింది. నేను చదువుకున్న పుస్తకంలో మాత్రం 'లాంగ్‌మ్యూర్ తొట్టి' అనే వుంది. పరీక్షలో నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

సరే, మా అత్తగారి కళ్ళజోడు దగ్గరకి వద్దాం. లాంగ్‌మ్యూర్ దగ్గర కేథరిన్ బ్లాడ్జెట్ అనే ఆమె పనిచేసేది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో చేరిన మొదటి మహిళా శాస్త్రజ్ఞురాలు. 1926లో కేంబ్రిడ్జిలో ఫిజిక్సులో డాక్టరేటు తెచ్చుకుంది, అక్కడ ఆ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆమే. నీటిమీద ఏర్పడిన ఒంటిపొరని గాజుపలక మీదికి ఎక్కించవచ్చునని ఈమె చూపించింది. పలకని నీళ్ళలో ముంచి తీస్తే, ముంచినప్పుడొకటి, తీసినప్పుడొకటి చొప్పున పొరలు అంటుకుంటాయి. మన ఆత్రేయపురం పూతరేకులు గుర్తొస్తున్నాయి కదూ! పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండమీద అలా వేసి తీస్తే చాలు, గాలికి ఎగిరిపోయే రేకు తయారవుతుంది. బ్లాడ్జెట్ రేకులు వాటికన్న ఎన్నో వేల రెట్లు పల్చన. ఆమె వాడింది పిండి కాదు, కొవ్వు ఆమ్లంతో చేసిన సబ్బు జాతి పదార్థం. సరిగ్గా 44 రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే, 1938లో గాజు మెరుపు మాయమైంది!

ఎందుకు మాయమైంది? మామూలు గాజు తనమీద పడ్డ వెలుతురులో నూటికి నాలుగు పాళ్ళు వెనక్కి కొడుతుంది. రెండు పక్కలా కలిపి ఎనిమిది. రాత్రిళ్ళు ఎదురుగా వచ్చే కారు దీపాలు కళ్ళజోడులో రెండేసి కనపడేది ఇందుకే. పూత వేసినప్పుడు వెలుతురు పూత పైఅంచునించి కొంత, అడుగు అంచునించి కొంత వెనక్కి వస్తుంది. వెలుతురు ఒక అల అని మీరు వినే వుంటారు. పూత మందం ఆ అల పొడవులో నాలుగోవంతు వుంటే, అడుగునించి వచ్చే అల సరిగ్గా సగం అల వెనకబడుతుంది. ఉయ్యాల మీద పాప వుందనుకోండి. వెనకనించి ఒకరు, ముందునించి ఒకరు, ఒకే క్షణంలో సమానంగా నెట్టారు. ఉయ్యాల కదులుతుందా? అలాగే ఆ రెండు అలలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెనక్కి పోవలసిన వెలుతురు వృథా అవదు, అద్దంలోంచి మన కంటికే వస్తుంది. 44 రేకులూ కలిసి మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. అంత మందమే ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. ఎక్కువైనా చెడుతుంది, తక్కువైనా చెడుతుంది.

బ్లాడ్జెట్ పూతకి ఒక్కటే లోపం. సబ్బు జాతిది కాబట్టి మెత్తన, తుడిస్తే పోయేది. ఇంచుమించు ఆ రోజుల్లోనే మరికొందరు గాలి తీసేసిన పెట్టెలో మెగ్నీషియం ఫ్లోరైడు లాంటి పదార్థాల్ని ఆవిరిచేసి గాజుకి పట్టించే పద్ధతి తెచ్చారు. అన్నం గిన్నె మూత అడుగున ఆవిరి పట్టినట్టు, అన్నమాట. అదే నిలబడింది. ఇప్పటి కళ్ళజోళ్ళకి ఇలాటి పొరలు ఒకటి కాదు, నాలుగో అయిదో, అంతకన్న ఎక్కువో వేస్తారు. పిల్లలు తినే చిప్సు పొట్లం లోపలి వెండి తళతళ కూడా ఇలా ఆవిరిగా పట్టించిన అల్యూమినియమే. మన నాన్‌స్టిక్ పెనం పూత మాత్రం వేరే సంగతి, దాని పద్ధతి వేరు, మందం కూడా చాలా ఎక్కువ.

మా అత్తగారికి నేను ఇదంతా చెప్పలేదు లెండి. పాత కళ్ళజోడూ, కొత్త కళ్ళజోడూ పక్కపక్కన పెట్టి ట్యూబులైటు కింద పట్టుకున్నాను. పాతదానిలో ట్యూబులైటు తెల్లగా ధగధగా మెరిసింది. కొత్తదానిలో మసగ్గా, ఆకుపచ్చ రంగులో కనబడింది. అన్ని రంగుల్నీ పూత పూర్తిగా కొట్టెయ్యలేదు కాబట్టి మిగిలిన రంగు అది. కొన్ని అద్దాల్లో నీలంగానో, ఊదాగానో వుంటుంది. మీ అద్దాలకి పూత వుందో లేదో మీరూ ఇలాగే చూసుకోవచ్చు. ఆవిడ రెండుమూడుసార్లు మార్చి మార్చి చూసి, “అయితే మోసం చెయ్యలేదన్నమాట” అన్నారు. అని, అలవాటుగా కొంగుతో అద్దాలు తుడవబోయారు!

అక్కడే వచ్చింది చిక్కు. పూత గట్టిదే కాని, కొంగులో వుండే దుమ్మూ ఇసక నలుసులూ దాన్ని గీరేస్తాయి. ముందు అద్దాల్ని చల్లటి నీళ్ళ ధార కింద పెట్టి దుమ్ము పోనివ్వాలి. వేలికొసన ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రావకం రాసి, కడిగి, మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి. వేడినీళ్ళు పనికిరావు. పొయ్యి గట్టుమీద, ఎండలో నిలబెట్టిన కారులో కళ్ళజోడు వదిలెయ్యకండి. ప్లాస్టిక్ అద్దం వేడికి సాగుతుంది, పైన పూత అంతగా సాగదు, దాంతో సాలెగూడులా సన్నటి బీటలు పడతాయి. ఒకసారి బీటలు పడ్డ పూతని బాగుచెయ్యటం కళ్ళజోళ్ళ కొట్టులో వాళ్ళ తరం కాదు. అద్దాలే మార్చాలి.

ఇప్పుడు మా వంటింటి తొట్టి పక్కన మేకుకి ఒక పాత నూలు పంచె ముక్క వేలాడుతూ వుంటుంది. గిన్నెలు కడగటం అయ్యాక అత్తగారు కళ్ళజోడు తీసి నా చేతికిస్తారు.