బంగారంలాంటి ఉద్యోగం... వదిలేశాను!

“బ్యాంకు ఉద్యోగం! అందులోనూ ఆఫీసరు! ఇంకా పదహారేళ్ల సర్వీసు ఉండగా ఎవరైనా మానేస్తారా?”

2019లో ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచీ ఏ పెళ్లికి వెళ్లినా, ఏ పేరంటానికి వెళ్లినా ఇదే ప్రశ్న. ఆ వెంటనే కారణాలు వాళ్లే వెతికేవారు. “ఒంట్లో బాగుండటం లేదా?” అని ఒకరు. “మీవారికి ప్రమోషన్ వచ్చిందా?” అని మరొకరు. “అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?” అని ఇంకొకరు. అంతమందిలో ఒక్కరు కూడా “ఆ పని నీకు నచ్చడం మానేసిందా?” అని అడగలేదు. ఆడది ఉద్యోగం మానిందంటే మొగుడో, పిల్లలో, ఆరోగ్యమో కారణం అయివుండాలి తప్ప, పని మీద ఇష్టం పోవడం కూడా ఒక కారణమేనా అన్నట్టు చూస్తారు.

మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. టీచర్లు, నర్సులు, గుమస్తాలు, ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగాల్లో ఉన్న అమ్మాయిలు... ‘జీతం బాగానే ఉంది, కానీ పొద్దున లేస్తే వెళ్లబుద్ధి కావడం లేదు’ అనేవాళ్లు నాకు తరచూ కనిపిస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. మానేయమని చెప్పడానికి కాదు, మానొద్దని చెప్పడానికీ కాదు. ఆలోచించుకునే దారి ఒకటి ఉంటుందని చెప్పడానికి.

ఇష్టపడి చేరిందే

మాది తెనాలి. బీకాం అయ్యాక బీఎస్ఆర్బీ పరీక్ష రాసి 1997లో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో క్లర్కుగా చేరాను. అప్పుడు నాకు 22 ఏళ్లు. మా అమ్మ అప్పటిదాకా బ్యాంకు గడప తొక్కింది లేదు. పోపుల డబ్బాలో దాచుకోవడమే ఆవిడకు తెలిసిన పొదుపు. నా మొదటి జీతంతో ఆవిడ పేర ఖాతా తెరిపించి పాస్‌బుక్కు చేతిలో పెడితే, దేవుడి పటం దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుంది.

ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఒక ఊళ్లో మొదటి పోస్టింగు. లెడ్జర్లలో చేత్తో రాసే రోజులవి. సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా వచ్చినా అది దొరికేదాకా ఎవరూ ఇంటికి కదిలేవాళ్లం కాదు. రాత్రి ఎనిమిదికి ఆ రూపాయి దొరికితే పండగే!

అప్పుడే డ్వాక్రా సంఘాలు ఊపందుకుంటున్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆడవాళ్లలో వచ్చిన కదలిక ఆ చుట్టుపక్కల జిల్లాల్లోనూ కనిపించేది. పదిమందీ ఒక్కసారే వచ్చేవాళ్లు, సంఘం పుస్తకం చంకన పెట్టుకుని. కౌంటర్ దగ్గరికి రావడానికి ముందు ఒకళ్లనొకళ్లు తోసుకునేవాళ్లు. వేలిముద్ర వేసిన చేత్తోనే ఏడాది తిరిగేసరికి సంతకం పెట్టేవాళ్లు. గేదె కోసం అప్పు తీసుకున్నావిడ చివరి వాయిదా కట్టి, గిన్నెడు మీగడ పెరుగు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అలాంటి ఉద్యోగం మీద ఇష్టం ఎందుకుండదు చెప్పండి?

ఎక్కడ పోయిందీ ఇష్టం?

ఒక్కరోజులో పోలేదు. కంప్యూటర్లు రావడం వల్ల అనుకుంటారు చాలామంది. కాదు. నేను సరదాగానే నేర్చుకున్నా. 2008లో ఆఫీసర్ని అయ్యాను. పని పెరిగినా ఇష్టం తగ్గలేదు. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దు చేశారు చూడండి, ఆ రెండు నెలలూ మేం పడ్డ పాట్లు దేవుడికెరుక. భోజనం ఎప్పుడు చేశామో, ఇంటికి ఎప్పుడు చేరామో తెలియదు. అయినా అప్పుడు కూడా మానేయాలనిపించలేదు. ఎదుటి మనిషికి నా వల్ల పని జరుగుతోందన్న తృప్తి ఉండేది.

కష్టం వల్ల ఇష్టం పోలేదని అప్పుడే నాకు అర్థమైంది. పోయింది పని తీరు మారినందువల్ల. పొద్దున్నే మీటింగులో “ఈ వారం ఎన్ని పాలసీలు చేయించావు?” అన్నదే మొదటి ప్రశ్న అయిపోయింది. డిపాజిట్లు, అప్పులు వెనక్కిపోయి, బీమా పాలసీలు, ఫండ్లు అమ్మడం ముందుకొచ్చింది. అవి చెడ్డవని అనను. ఎవరికి తగినవి వాళ్లకు మంచివే. కానీ తగని వాళ్లకు కూడా అంటగట్టమనేవాళ్లు.

ఒకసారి రిటైరైన టీచరుగారొకావిడ వచ్చారు. 64 ఏళ్లు. ఒంటరి మనిషి. నాలుగు లక్షల డిపాజిట్ గడువు తీరింది. ఆ డబ్బు ఎలాగైనా పాలసీలోకి మళ్లించమని పైనుంచి మాట. ఐదేళ్లదాకా తీయడానికి వీల్లేని పాలసీ అది. “నాకేం తెలుసమ్మా, నువ్వెలా చెబితే అలా” అన్నారావిడ. “మోకాలి ఆపరేషన్ అన్నారు కదా పిన్నిగారూ, డిపాజిట్లోనే ఉంచుకోండి” అని రెన్యువల్ చేసి పంపించాను. ఆ సాయంత్రం సమీక్షలో అడుగునుంచి రెండో పేరు నాది!

అడుగున ఉన్నందుకు నాకు బాధ లేదు. ఇక ముందు ప్రతి రోజూ ఇలాగే, ఒకరికి మేలు చేస్తే ఇంకొకరికి సంజాయిషీ ఇచ్చుకోవాలి కదా అనిపించింది. ఆ తర్వాత ఆదివారం పొద్దుగూకుతుంటే చాలు, దిగులు పట్టుకునేది.

అలసటా, విసుగా, అయిష్టమా?

ఇష్టం పోయిందనే మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ముందు వాటిని విడదీసుకోవాలి.

అలసట అయితే సెలవుతో తగ్గుతుంది. నేను ఇరవై రోజులు సెలవు పెట్టాను. కంటినిండా నిద్రపోయాను. తిరిగి వెళ్లాల్సిన ముందు రోజు మళ్లీ అదే దిగులు. అంటే అలసట కాదన్నమాట.

మనుషులతో విసుగు అయితే చోటు మారితే తగ్గుతుంది. గుంటూరులోనే వేరే విభాగానికి మార్పించుకున్నాను. కొత్తలో బాగానే ఉంది. నాలుగు నెలలకు ఆ టార్గెట్లు అక్కడికీ వచ్చాయి. అప్పుడు తేలింది, నాకు పడనిది మనుషులు కాదు, పనేనని.

మన ఆడవాళ్లు మరొకటి కూడా చూసుకోవాలి. పొద్దున ఐదింటికి లేచి వంట, టిఫిన్లు, క్యారేజీలు. సాయంత్రం వచ్చాక మళ్లీ వంట, అంట్లు. ఈ రెండు ఉద్యోగాల్లో ఏది మనల్ని పిండేస్తోంది? ఇంటిచాకిరీ వల్ల వచ్చిన అలసటను ఆఫీసు మీదకు నెట్టి రాజీనామా ఇస్తే, జీతం వచ్చే ఉద్యోగం పోయి జీతం రాని ఉద్యోగం మిగులుతుంది! ముందు పనిమనిషిని పెట్టుకోండి, మీవారికీ పిల్లలకూ పనులు పంచండి. మూడు నెలలు చూడండి. అప్పటికీ మనసు మారకపోతే అప్పుడు ఆలోచించండి.

ఆనాడు కళ్లారా చూసింది

2000 చివర్లో, 2001 మొదట్లో ప్రభుత్వరంగ బ్యాంకుల్లో స్వచ్ఛంద విరమణ పథకం పెట్టారు. 15 ఏళ్ల సర్వీసు గానీ 40 ఏళ్ల వయసు గానీ నిండినవాళ్లు అర్హులు. పూర్తయిన ప్రతి ఏడాదికీ 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసుకు వచ్చే జీతం, ఏది తక్కువైతే అది ఇచ్చారు. దేశం మొత్తం మీద దాదాపు లక్షమంది అలా బయటికి వెళ్లారు.

నాకు బాగా తెలిసిన ఇద్దరు అక్కయ్యలు కూడా వెళ్లారు. ఒకావిడకు వచ్చిన డబ్బంతా కొడుకు వ్యాపారంలోకి పోయింది. ఆ తర్వాత కూరగాయలకు కూడా కోడలి చేతివైపు చూడాల్సి వచ్చింది. రెండో ఆవిడ డబ్బు తన పేరు మీదే ఉంచుకుని, ఇంటి మేడ మీద సంగీతం పాఠాలు మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకే నెలలో మానేశారు, దాదాపు ఒకే మొత్తం తీసుకున్నారు. తేడా ఎక్కడొచ్చిందో వేరే చెప్పాలా?

కాగితం మీద లెక్క

మనసులో నిర్ణయం అయ్యాక కూడా నేను ఏడాదిన్నర ఆగాను. ఈలోగా చూసుకున్న లెక్కలివి.

మొదటిది, రాజీనామా వేరు, స్వచ్ఛంద విరమణ వేరు. బ్యాంకు పింఛను నిబంధనల ప్రకారం 20 ఏళ్ల సర్వీసు నిండాక మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా విరమిస్తే పింఛను వస్తుంది. ఉక్రోషంలో ‘రాజీనామా’ అని రాసిచ్చేస్తే అంతవరకూ చేసిన సర్వీసంతా పింఛనుకు పనికిరాకుండా పోతుంది. ఒక్క మాట తేడాతో జీవితాంతం వచ్చే డబ్బు పోతుంది! 2010 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల్లో చేరినవాళ్లకు కొత్త పింఛను పద్ధతి. అందులో గడువుకు ముందే బయటికొస్తే చేతికొచ్చేది కొంతే. మిగతాది నెలనెలా వచ్చే పింఛను కోసం కట్టిపెట్టాలి. మీరు ఏ ఉద్యోగంలో ఉన్నా మీ సర్వీసు నిబంధనలు ముందు చదవండి. ఐదేళ్లు నిండడానికి రెండు నెలలుందనగా మానేసి గ్రాట్యుటీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

రెండోది, అప్పులు. సిబ్బందికి తక్కువ వడ్డీకి ఇచ్చే ఇంటి అప్పు ఉద్యోగం మానేస్తే ఏమవుతుందో అడిగి తెలుసుకోవాలి. నేను ఆ అప్పు తీరాకే నోటీసు ఇచ్చాను.

మూడోది, ఆరోగ్య బీమా. ఉద్యోగంతోపాటు అదీ పోతుందేమో చూసుకుని, ఒంట్లో బాగున్నప్పుడే విడిగా తీసుకోవాలి.

నాలుగోది, ఏడాదిన్నర ఇంటిఖర్చుకు సరిపడా డబ్బు నా పేరు మీద, నా ఖాతాలో.

ఉద్యోగానికి పూర్తిగా స్వస్తి చెప్పక్కర్లేని దారులూ ఉన్నాయి. కొన్ని బ్యాంకుల్లో మహిళలకు జీతం లేని దీర్ఘకాలపు సెలవు ఇస్తారు. మీ దగ్గర అలాంటిది ఉంటే ముందు దాన్ని వాడుకుని చూడండి.

ఇంట్లో చెప్పినప్పుడు

మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. విన్నాక రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు “నెలకి ఎంత తగ్గుతుంది?” అని అడిగారు. కాగితం చూపించాను. వాదించుకోవాల్సిన పని చాలావరకు ఆ కాగితమే చేసింది.

అత్తయ్య సంతోషపడ్డారు. “హమ్మయ్య! ఇక వేళకింత వేడివేడిగా వండిపెడతావు” అన్నారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. మొదటి నెలలోనే గ్యాసు, కరెంటు బిల్లు, వచ్చే పోయే చుట్టాలు, మరిది పిల్లల స్కూలు పనులు అన్నీ నా నెత్తిమీదికొచ్చాయి. “నువ్వు ఖాళీయేగా” అన్న మాట ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. “అత్తయ్యా, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా నేను ఇంట్లో లేనట్టే అనుకోండి” అని చెప్పేశాను. కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు.

మా అమ్మ మాత్రం ఏడ్చేసింది. “రేపు నీకో చీర కావాలంటే అడిగి కొనుక్కోవాలి కదే!” అంది. జీవితమంతా అడిగి కొనుక్కున్న మనిషి భయం అది. పింఛను నా ఖాతాలోనే పడుతుందని పాస్‌బుక్కు చూపిస్తేగానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఇప్పుడేం చేస్తున్నానంటే...

మానేసే నాటికి నా మనసులో గొప్ప కళలూ, కలలూ ఏమీ లేవు. అందరికీ ఉండవు కూడా. అందుకే పాత పనిలో నాకు నచ్చినవేమిటో రాసుకున్నాను. లెక్కలు, ఎదుటి మనిషికి సాయపడటం - ఈ రెండూ తేలాయి.

2019 ఆగస్టులో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. పొద్దుటి పూట మా కాలనీలో పెద్దవాళ్లకు నామినీ పేరు రాయించడం, నవంబరులో పింఛనుదారుల జీవన ధ్రువపత్రం ఇప్పించడం, పోయినవాళ్ల డిపాజిట్లు వారసులకు వచ్చేలా కాగితాలు పూర్తి చేయడం. దీనికి డబ్బు తీసుకోను.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కోచింగ్ సెంటర్ నెలల తరబడి మూతపడింది. దాచిన ఏడాదిన్నర ఖర్చు అప్పుడే అక్కరకొచ్చింది. పింఛను, పాఠాల డబ్బు కలిపినా పాత జీతంలో సగం దాటదు. కారు కొనాలన్న ముచ్చట పక్కన పెట్టాం. మధ్యాహ్నం క్యారేజీలు విప్పి కూరలు పంచుకునే స్నేహితురాళ్లు ఇప్పటికీ గుర్తొస్తుంటారు. ‘బ్యాంకు మేడమ్’ అన్న పిలుపు పోయినప్పుడు కొంచెం చివుక్కుమంది కూడా. కానీ ఆదివారం సాయంత్రాల దిగులు మాత్రం మళ్లీ రాలేదు.

“మీరేమో మానేసి, మమ్మల్ని అదే ఉద్యోగంలో చేరమంటారేంటి మేడమ్?” అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. ఆ ఉద్యోగం 22 ఏళ్లు నాకు అన్నం పెట్టింది, నా పేర ఒక ఖాతా ఇచ్చింది, ఇప్పటికీ పింఛను ఇస్తోంది. నచ్చనప్పుడు బయటికి రాగలిగే ధైర్యం కూడా ఆ ఉద్యోగమే ఇచ్చింది. సంపాదించుకున్న ఆడపిల్లకే వదులుకునే వీలుంటుంది. “అందుకే ముందు సంపాదించుకోండమ్మా” అన్నాను.

ఉద్యోగం మీద మనసు విరిగిందని అనిపిస్తున్న చెల్లెళ్లు ఈ ఆదివారం ఒక కాగితం తీసుకోండి. ఒకవైపు పనిలో మీకు పడనివి, రెండోవైపు ఇప్పటికీ నచ్చేవి రాయండి. కింద మీ పేరు మీద ఎంత డబ్బుందో రాయండి. నిర్ణయం ఆ రోజే తీసుకోనక్కర్లేదు. మీవారికి చూపించే ముందు, అమ్మకు చెప్పే ముందు, ఆ కాగితాన్ని మీరొక్కరే నెమ్మదిగా నాలుగుసార్లు చదువుకోండి.