మసత్లాన్‌లో తీరిక వేళలు

సెలవులకని బయలుదేరి, ఇల్లు చేరేసరికి ఇంటిల్లిపాదీ అలసిపోవడం చాలా కుటుంబాలకు అనుభవమే. చూడవలసినవి పది చోట్లు, ఉన్నవి నాలుగు రోజులు. పిల్లలకు నిద్ర చాలదు, పెద్దలకు ఓపిక చాలదు. అందుకే మేము ఒకే ఊరిలో వారం రోజులుండాలని నిశ్చయించుకొన్నాము. ఆ ఊరు మెక్సికో దేశపు పశ్చిమ తీరాన, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న మసత్లాన్.

సినలోవా రాష్ట్రంలోని ఈ ఓడరేవు కర్కటరేఖకు కొంచెం దక్షిణంగా ఉన్నది. నావాతల్ భాషలో ఆ పేరుకు "జింకలుండే చోటు" అని అర్థం. ఇది విహారయాత్రికుల కోసమే కట్టిన ఊరు కాదు. రొయ్యల పడవలు, మార్కెట్టు, బడులు ఉన్న పాత ఊరు. మనం వెళ్ళినా వెళ్ళకపోయినా దాని పని అది చేసుకొంటూనే ఉంటుంది.

ఒడ్డు వెంట నడక

సముద్రం వెంట సుమారు 20 కిలోమీటర్ల నడకబాట ఉన్నది. దానిని మలెకోన్ అంటారు. టిక్కెట్టు లేదు. ఎండ తగ్గగానే అవ్వలు, తాతలు, చంటిబిడ్డల తల్లులు అందరూ అక్కడికే చేరతారు. తూర్పు తీరాన పుట్టిన మనకు సూర్యుడు సముద్రంలోనుండి లేవడం తెలుసు. అక్కడ సముద్రంలోనికి దిగిపోవడం చూస్తాము.

నడవలేని వారికి "పుల్మోనియా"లున్నాయి. ఇవి తలుపులు, కిటికీలు లేని టాక్సీలు. 1965 నుండి ఈ ఊళ్ళో తిరుగుతున్నాయి. స్పానిష్‌లో పుల్మోనియా అంటే న్యుమోనియా! అంత గాలికి అందులో కూర్చుంటే న్యుమోనియా ఖాయమని పోటీ టాక్సీలవారు వేళాకోళం చేయగా, ఆ పేరే నిలిచిపోయిందని చెబుతారు. కిరాయి ముందే మాట్లాడుకొని ఎక్కడం మంచిది.

భోజనం దగ్గర మనకు ఇబ్బంది లేదు. రొయ్యలను నిమ్మరసం, పచ్చిమిరపకాయలతో కలిపి చేసే "అగ్వాచిలే" సినలోవా ప్రత్యేకత. ఘాటు మనవారికి నచ్చుతుంది గాని, ఆ రొయ్యలను పొయ్యి మీద ఉడికించరు. పిల్లలకు వేయించినవి పెట్టించండి.

పాట ఆగిన చోటు

పాత ఊరిలో ఒక నాటకశాల ఉన్నది. 1874లో తెరచిన ఆ శాలకు ఇప్పుడు ఆంఖెలా పెరాల్తా పేరు. ఆమె మెక్సికోలో ఎంతో కీర్తి పొందిన గాయని. 1883 ఆగస్టులో తన బృందంతో ఇక్కడ పాడడానికి వచ్చినప్పుడు ఊరంతా ఎదురువెళ్ళింది. కాని అప్పటికే పచ్చజ్వరం పాకుతున్నది. ఆ నెల 30వ తేదీన ఆమె కన్నుమూసింది. వయస్సు 38 సంవత్సరాలు. ఆమె బృందంలోనూ అనేకులు మరణించారు.

తరువాతి కాలంలో ఆ శాల పాడుబడి, లోపల చెట్లు మొలిచాయి. ఊరివారు దానిని అలా వదలివేయలేదు. బాగుచేసి 1992లో మళ్ళీ తెరిచారు. ఇంత తీరికగా కనిపించే ఊరు కూడా దుఃఖం ఎరుగనిది కాదని అక్కడ మాకు అర్థమైంది.

మన విశ్రాంతి, వారి శ్రమ

మలెకోన్ మీద ఒకచోట యువకులు ఎత్తైన బండ మీదనుండి సముద్రంలోకి దూకుతారు. క్రింద నీరు లోతు తక్కువ. పెద్ద అల లోపలికి వచ్చే క్షణం కోసం కాచుకొని దూకాలి. ఒక్క క్షణం తప్పితే ప్రాణాపాయమే. చూచినవారు ఇచ్చే డబ్బే వారికి కూలి. చూచి ఊరకే వెళ్ళిపోకండి. ఎండలో ఇసుక మీద తిరుగుతూ సరకులమ్మే వారితోనూ చివరి పెసో వరకు బేరమాడవద్దు. అక్కరలేకపోతే నవ్వుతూ "నో, గ్రాసియాస్" అంటే చాలు. మన సెలవు రోజు వారికి పని రోజు.

ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి. మన ఆంధ్ర, ఒడిశా తీరాలకు వచ్చే జాతి కూడా ఇదే. మెక్సికోలో సముద్రపు తాబేళ్ళను పట్టడం 1990లో పూర్తిగా నిషేధించారు. మసత్లాన్ అక్వేరియం వారు గ్రుడ్లను కాపాడి, పిల్లలను ఇసుక మీద విడిచిపెడతారు. వాటిని ఎత్తి నీటిలో వేయరు. తమంతట తామే నడిచి సముద్రం చేరాలి. అరచేతిలో పట్టే ప్రాణులు అల తోసివేసినా మళ్ళీ లేచి వెళ్తుంటే మా పిల్లలు మాట లేకుండా చూచారు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. జూన్ నుండి అక్టోబరు వరకు తుపానుల కాలం. 2024 సెప్టెంబరు తరువాత సినలోవాలో ముఠాల మధ్య హింస పెరిగింది. కాబట్టి ప్రభుత్వ హెచ్చరికలు చూచుకొన్న తరువాతే ప్రయాణం పెట్టుకోండి. అవసరమైతే వాయిదా వేయండి. ఈ అశాంతి వలన ముందుగా నష్టపోయేది పుల్మోనియా నడిపేవారు, రొయ్యలమ్మే స్త్రీలు. మనం వెళ్ళినా వెళ్ళకపోయినా, వారి ఊరికి నెమ్మది కలగాలని కోరుకొందాము.